ఎనిమిదో పాట వచ్చేలోపు

చెపెలారె ఊరు దాటి మొదటి మలుపైనా తిరగకముందే నాన్న తన కూతురి కొత్త పాటల డిస్కును కారు ప్లేయర్‌లోకి తోసేశాడు. "ఉండు నాన్నా, తర్వాత విందాం" అని యగోదా అనేలోపే తోసేశాడు, ఆ పాత కారు దాన్ని ఆకలి మేకలా గుటుక్కున మింగేసింది. మొత్తం పది పాటలు. ఎనిమిదోది శోకం. చచ్చినవాళ్ళ తల దగ్గర కూర్చుని ఆడవాళ్ళు పేరు పెట్టి పిలుస్తూ, తిడుతూ, రాగాలు తీస్తూ ఏడుస్తారే, ఆ శోకం. అందులో తను పేరు పెట్టి ఏడ్చింది చచ్చినవాళ్ళెవరి కోసమో కాదు, ఇదిగో, పక్కన స్టీరింగు పట్టుకుని, పొద్దుతిరుగుడు గింజలు ముందు పళ్ళతో కొరికి పొట్టు కిటికీలోంచి ఊస్తూ, ఈ వయసులోనూ గుండ్రాయిలా ఉన్న ఈ మనిషి కోసమే. కరమ్‌ఫిల్ అని పేరు పెట్టి, నాన్నా అని పిలిచి, రెండూ కలిపి గొంతు చించుకుని ఏడ్చింది. బతికున్న మనిషిని. కన్నతండ్రిని. కచేరీ జరిగే ప్లోవ్‌దివ్ చేరేసరికి పాటలన్నీ అయిపోతాయి, అంటే ప్లోవ్‌దివ్ చేరకముందే ఆ పాట వస్తుంది, రాకుండా ఎక్కడికి పోతుంది, కొండ రోడ్డు ఎంత మెలికలు తిరిగినా కిందికే కదా దిగేది.

"ఇది మొదలైందా, లేక నీ తిత్తివాడు ఇంకా వాయిద్యం సవరించుకుంటున్నాడా?" అన్నాడు నాన్న. మొదలైంది నాన్నా. మొదలై రెండు నిమిషాలైంది. ముందు తనతో కలిసి వాయించే ఓగ్న్యాన్ పెద్ద తోలు తిత్తి ఒకే శ్రుతి మీద బరువుగా ఊపిరి తీస్తుంది, వెనక ఎక్కడో గొర్రెల మెడ గంటలు, ఆ తర్వాత చాలాసేపటికి గానీ తన గొంతు రాదు. వాళ్ళిద్దరి జట్టు పేరు 'తడి ఉన్ని'. వానలో తడిసిన మంద కొండ దిగుతున్నప్పుడు వచ్చే ఆ వాసన, ఆ బరువు, ఆ చలి, అదే తమ సంగీతమని ఓగ్న్యాన్ పత్రికలవాళ్ళకు చెప్తుంటాడు. నాన్నకు మొదటిసారి ఆ పేరు చెప్పినప్పుడు, "తడి ఉన్ని వాసనకి ఇంట్లో మీ నానమ్మ ముక్కు మూసుకునేది, మీరు దానికి టికెట్టు కూడా పెట్టారా?" అన్నాడు. ఓగ్న్యాన్‌ని అల్లుడనుకోవాలా వద్దా అని ఆయనకి పదేళ్ళుగా అనుమానం. వద్దు నాన్నా. ఇద్దరికీ పెళ్ళి కాలేదు, ఒకరితో ఒకరికి అసలే కాలేదు, కలిసి పాడతాం, అంతే. అయినా ఆయన ఓగ్న్యాన్ కోసం ఇవాళ పొద్దున్నే లేచి బంగాళాదుంపల పటాట్నిక్ రొట్టె కాల్చాడు, వేడి పోకుండా తువ్వాలులో చుట్టి వెనక సీట్లో పెట్టాడు, కారంతా ఉల్లిపాయా పుదీనా వాసన. ఇన్నేళ్ళలో ఒక్క కచేరీకీ రాని మనిషి ఇవాళ గడ్డం గీసుకున్నాడు, కోటు వేసుకున్నాడు, బస్సులో వెళ్తానంటే వినలేదు. కొత్త ఆల్బమ్ మొదటిసారి జనం ముందు పాడే రోజు, నేను రాకపోతే ఎలా అన్నాడు. వద్దని ఎలా అంటుంది? నోరు రావద్దూ?

నోరే కదా కొంప ముంచింది. సెవ్దవ్వ ముందే చెప్పింది. కొండ మీద ఆఖరి ఇంట్లో ఆ ముసలామె దగ్గర మూడు శీతాకాలాలు పాటలు నేర్చుకుంటూ కూర్చుంది యగోదా, అవ్వ పెళ్ళి పాటలు ఇచ్చింది, మంద పాటలు ఇచ్చింది, బూతు పాటలైతే అడక్కుండానే ఇచ్చి పడీ పడీ నవ్వింది, శోకం మాత్రం ఇవ్వనంది. "ఎవరు పోయారని ఏడవమంటావే? ఊరికే ఏడిస్తే చావు వచ్చి, ఎవరు పిలిచారు నన్ను అని ఇంటింటికీ తిరుగుతుంది. పేరు కావాలి. పేరు పెట్టి ఏడిస్తే ఆ పేరుగలవాడి దగ్గరికే వెళ్తుంది, వాడు ఎలాగూ పోయాడు కాబట్టి నష్టం లేదు." చివరికి ఎప్పుడో పోయిన తన మొగుడి పేరు పెట్టి ఏడ్చి వినిపించింది. ఏడవడమంటే మామూలుగానా, తాగుబోతు సచ్చినోడా, కట్టెలు కొట్టకుండా పోయావు, ఇక పొయ్యిలో నీ ఎముకలు పెట్టనా అని. శోకంలో తిట్టొచ్చట. తిట్టాలట. పోయినవాడు లేచి కొట్టలేడు కదా, జీవితమంతా మింగినవన్నీ ఆ ఒక్క పూట కక్కేయాలట. ఆ మాట యగోదా మనసులో ముల్లులా దిగింది. బతికున్నవాణ్ణి అడగలేనిది పోయినవాణ్ణి అడగొచ్చు. స్టూడియోలో సెవ్దవ్వ మొగుణ్ణి వాడుకోవడం దొంగతనంలా అనిపించింది, మన చావు మనం ఏడుద్దాం, పోయిన మా నానమ్మ పేరు పెడతాను అని తనే ఓగ్న్యాన్‌కి చెప్పింది. దీపాలు తగ్గించారు. తిత్తి మొదలైంది. రుజా, నానమ్మా అని నోరు తెరిస్తే కరమ్‌ఫిల్, నాన్నా అని వచ్చింది. ఎక్కణ్ణించి వచ్చిందో, ఎన్నాళ్ళుగా గొంతులో చెప్పుల్లేకుండా నిలబడి ఉందో. ఒక్కసారిగా చివరిదాకా పాడేసింది. అద్దం అవతల ఓగ్న్యాన్ తిత్తి నొక్కడం మరిచిపోయాడు, పాట చివర శ్రుతి ఆగిపోయి తన గొంతు ఒక్కటే మిగలడం అందుకే. నానమ్మ పేరుతో మళ్ళీ నాలుగుసార్లు పాడింది. నాలుగూ ఉప్పు లేని కూడు. వారం రోజులు కొట్టుకున్నారు. "ఇది తీసేస్తే మిగతాది ఊరికే చలి" అన్నాడు ఓగ్న్యాన్. తనకీ తెలుసు. ఉంచమంది. ఆ మాట కూడా ఈ నోరే అంది.

రెండో పాట అయిపోయింది, మూడోది కూడా సగంలో ఉంది, నాన్న వేళ్ళు స్టీరింగు మీద తాళం వేస్తున్నాయి, తప్పు తాళం, ఆయన దానికి ఏడు లెక్క వేస్తున్నాడు, అది తొమ్మిది. డిస్కు అట్ట పెట్టె ఎడమ చేత్తో తీసి మలుపులోనే చదువుతున్నాడు. రోడ్డు చూడు నాన్నా. "చూస్తున్నాలేవే, ఈ రోడ్డు నన్ను చూస్తూ పెరిగింది" అన్నాడు, లారీ తోలిన మనిషి కదా, ఇస్తాంబుల్ నుంచి హాంబుర్గ్ దాకా రోడ్లన్నీ తన పెంపుడు కుక్కలనుకుంటాడు. "దిగువ మలుపు. అదా దీని పేరు? ఏ దిగువ మలుపు?" ఏదో ఒకటిలే నాన్నా. కొండ ఊళ్ళల్లో దిగువ మలుపులకేం కరువు. ఆయన మళ్ళీ అట్ట చూశాడు, ఒక గింజ నోట్లో వేసుకున్నాడు, కొరకలేదు. కొరకలేదెందుకు? తెలిసిందా? లేక పంటి నొప్పా? ఆ దవడ పన్ను నొప్పి అంటున్నాడు, డాక్టరు దగ్గరికి పొమ్మంటే పోడు. ఛ, అన్నిటికీ అర్థాలు వెతక్కు యగోదా, కళ్ళు మూసుకో. కళ్ళు మూసుకుంటే ఆ మలుపే. వాళ్ళ ఇంటి కింద, దారి రెండుగా చీలే చోట. తనకి పద్నాలుగేళ్ళు. అమ్మ జబ్బుతో లోపలి గదిలో, మంచంలో అమ్మ లేనట్టే ఉండేది, దుప్పటి మాత్రమే పరిచినట్టుండేది. మంచు ఆగకుండా పడుతోంది. సాయంత్రం కిటికీలోంచి చూస్తే దిగువ మలుపులో నాన్న లారీ, నీలం రంగు తల, దీపాలు వెలుగుతూ. వచ్చేశాడు! పరుగున వెళ్ళి పొయ్యిలో రెండు కట్టెలు ఎక్కువ వేసింది, ఆయన ఇంటి చెప్పులు పొయ్యి పక్కన వెచ్చబెట్టింది, మళ్ళీ కిటికీ దగ్గరికి. లారీ అక్కడే ఉంది. ఇంజను ఆపలేదు, పొగ కనిపిస్తోంది. ఎవరూ దిగలేదు. సిగరెట్టు కాలుస్తున్నాడేమో. సామాను సర్దుకుంటున్నాడేమో. మళ్ళీ చూసేసరికి దీపాలు నెమ్మదిగా వెనక్కి తిరిగి, కొండ దిగి వెళ్ళిపోయాయి. ఆ వారంలోనే అమ్మ పోయింది. నాన్న మట్టి చేసే రోజుకి వచ్చాడు, దారిలో కొన్న నల్ల కోటుతో, మెడ దగ్గర ధర చీటీ కూడా తియ్యకుండా. ఆ తర్వాత లారీ అమ్మేశాడు. జడ వేయడం నేర్చుకున్నాడు, పెరుగు తోడుపెట్టడం నేర్చుకున్నాడు, సంగీత పాఠశాలకి ప్రతి శనివారం ఇదే రోడ్డు మీద దింపి, పాఠం అయ్యేదాకా కారులోనే కునుకు తీసేవాడు. అంత మంచివాణ్ణి ఎలా అడుగుతారు, ఆ రోజు ఎందుకు పైకి రాలేదని? చెడ్డవాడైతే ఎప్పుడో కాలరు పట్టుకుని అడిగి ఉండేది. మంచివాడై చంపాడు.

ఫోను. ఓగ్న్యాన్. అతను పొద్దున్నే సామానుతో వెళ్ళిపోయాడు, హాల్లో తీగలు కలుపుతుంటాడు. "ఎక్కడిదాకా వచ్చారు?" బాచ్‌కోవో దగ్గరికి. "అది కాదు, మీ నాన్న డిస్కు పెట్టే ఉంటాడు, ఎన్నో పాటలో ఉన్నారు?" ఐదు. అతను గొంతు తగ్గించి, "చెప్పావా?" లేదు. "యగోదా, పొయ్యి మీద పాలు పెట్టి సినిమాకి వెళ్ళే మనిషివి నువ్వు. ఇప్పుడే చెప్పు. హాల్లో అంతమంది మధ్య వింటే ఆయన గుండె—" సరే, సరే. "ఏమంటున్నాడు మన తిత్తి?" అన్నాడు నాన్న. ఆకలేస్తోందట. "చూశావా, పటాట్నిక్ తెచ్చింది అందుకే." గుండె. ఆయన గుండెకేం, గుండ్రాయి. గుండ్రాయి అని ఎన్నిసార్లు అనుకుంటున్నావు పొద్దున్నుంచి? పేరు పెట్టి ఏడిస్తే ఆ పేరుగలవాడి దగ్గరికి వెళ్తుందని అవ్వ అంది. పాట పాడి తొమ్మిది నెలలు, ఈ తొమ్మిది నెలలూ నాన్న తుమ్మితే పరుగెత్తింది, నిచ్చెన ఎక్కితే అరిచింది, పంటి నొప్పికి కూడా గుండె పరీక్ష చేయించుకో అని గొడవపడింది. నమ్మకం లేదు తనకి, అలాంటివేమీ లేవు, చదువుకున్నది తను. చదువుకున్నవాళ్ళ భయాలకి మందు కూడా ఉండదు, అదీ ఖర్మ.

బాచ్‌కోవో దగ్గర రోడ్డు పక్కన కొట్లు, వేలాడే ఎర్ర మిరప దండలు, తేనె సీసాలు, పసుపచ్చని సీమదానిమ్మ పళ్ళ రాశులు. నాన్న బండి ఆపాడు, "నీ తిత్తివాడికి పచ్చి అంజూరపు మురబ్బా ఇష్టం కదూ" అని దిగి వెళ్ళాడు. దేవుడున్నాడు. యగోదా డిస్కు బయటికి తీసే బొత్తాం నొక్కింది. ర్‌ర్‌ర్ అంది, బయటికి రాలేదు. మళ్ళీ నొక్కింది. గోరు పెట్టి లాగింది, గోరు విరిగింది. అవతల నాన్న కొట్టామెతో బేరమాడుతున్నాడు, నవ్విస్తున్నాడు, ఇటు చూపించి ఏదో అంటున్నాడు, ఆమె అరచేతులు బుగ్గల మీద వేసుకుంది, మా అమ్మాయి గాయని అని చెప్తున్నాడు కాబోలు, ఇవాళ కచేరీ, నేను ముందు వరసలో, అని చెప్తున్నాడు కాబోలు. తను ఎంత పాపిష్టిది. ఆయన సీసాతో వచ్చి కూర్చోగానే అనేసింది, "నాన్నా, ఆ ఎనిమిదో పాట ఉంది చూడూ..." "బాగుండదా? బాగా లేకపోతే లేదని మొహం మీదే చెప్తాలే, బెంగపడకు." అది కాదు నాన్నా. "మరేంటి?" ఏంటంటే. నోరు తెరిచింది, లోయలో నది చప్పుడు, వెనక కంకర లారీ హారను, అబ్బా వెళ్తున్నాం ఉండవయ్యా అని నాన్న గేరు మార్చాడు, మాట ఆ గేరు కింద పడి నలిగిపోయింది. పాట ఆగిన చోటినుంచే మళ్ళీ అందుకుంది. ఏడోది. ఎంత పెద్దదిగా ఉండేది ఈ పాట సాధనలో, ఇప్పుడు అరచేతిలో మంచుముక్కలా కరిగిపోతోంది, గంటలు, తిత్తి, గంటలు, ఆఖరి చరణం, అప్పుడేనా, ఇంకో చరణం రాసి ఉండాల్సింది.

పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఎంతసేపుండాలన్నదాని మీద ఓగ్న్యాన్‌తో పోట్లాడింది ఒకసారి. ఊపిరి తీసుకునేంత అన్నాడతను. యగోదా ఆ ఊపిరి తీసుకుంది, తర్వాత వదల్లేదు. అసెనోవ్‌గ్రాద్‌లోకి వచ్చేశారు, ఆ వీధంతా పెళ్ళి బట్టల దుకాణాలే, రెండు వైపులా అద్దాల్లో తలల్లేని తెల్ల గౌన్లు వరసగా, వాటి మధ్య వాహనాలు ఆగిపోయి ఉన్నాయి, ఎర్ర దీపం. కరమ్‌ఫిల్, అంది తన గొంతు. నాన్నా, కరమ్‌ఫిల్, లే, లేచి కూర్చో. స్టీరింగు మీద తాళం ఆగిపోయింది. చెప్పులు వెచ్చబెట్టాను, రెండు కట్టెలు ఎక్కువ వేశాను, ఎవరి కోసం వేశాను నాన్నా? దిగువ మలుపులో బండి ఆపి, ఇంజను ఆపక, ఎందుకు పైకి రాలేదు నాన్నా? అమ్మ అడిగితే ఏం చెప్పమన్నావు నాన్నా? ఇప్పుడు మట్టి కిందికి దారి తెలిసిందే నీకు, ఇంటికి దారి తెలియలేదా? అబ్బ, ఎంత గట్టిగా ఉంది ఈ గొంతు, ఇది తనదేనా, ఇంత కసి ఎవరు పెట్టారు ఇందులో. నాన్న తన చెవి తమ్మె పట్టుకుని లాగుకున్నాడు, చావు మాట వినపడితే అందరూ లాగుకుంటారే, అలాగే, తర్వాత కీడు పోవాలని కొట్టడానికి చెక్క కోసం వెతికాడు, కారులో చెక్క ఎక్కడిది, తన తలనే వేలి కణుపులతో రెండుసార్లు కొట్టుకున్నాడు. ఎప్పుడూ వేసే వేళాకోళమే అది, నా తలకాయ కంటే గట్టి చెక్క ఏముంది అని. ఇప్పుడు నవ్వలేదు. పచ్చ దీపం పడింది. వెనకవాడు హారను కొట్టాడు. నాన్న కదిలించాడు, ఒక దుకాణం ముందు పక్కకి తీసి ఆపాడు. తిత్తి ఆగిపోయి తన గొంతు ఒక్కటే మిగిలే చోటు వచ్చింది. అదీ అయిపోయింది.

కోప్పడు నాన్నా. తిట్టు. కారు దిగు, దిగి వెళ్ళిపో, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపో, నేను ఏమీ అనను. పక్కకి చూడాలంటే భయం. ఎదురుగా అద్దంలో ఒక గౌను నడుముకి గుండుసూదులు గుచ్చి ఉన్నాయి, వాటిని చూస్తూ కూర్చుంది. నాన్న చెయ్యి ముందుకి వెళ్ళింది, ఆపేస్తాడనుకుంది. ఆయన వెనక్కి తిప్పే బొత్తాం నొక్కాడు. మళ్ళీ మొదటినుంచి. కరమ్‌ఫిల్, నాన్నా, లే. ఎందుకు నాన్నా, చాలు, ఆపెయ్యి అని చెయ్యి చాపితే, ఆ చేతిని పట్టుకుని ఆమె ఒళ్ళోనే పెట్టేశాడు, చిన్నప్పుడు చర్చిలో గోల చేస్తే పెట్టేవాడే అలా. చెప్పులు వెచ్చబెట్టాను. రెండు కట్టెలు ఎక్కువ వేశాను. దిగువ మలుపులో బండి ఆపి, ఇంజను ఆపక, ఎందుకు పైకి రాలేదు నాన్నా?

"భయమేసింది" అన్నాడు నాన్న.

యగోదాతో కాదు. ఆ పెట్టెతో అన్నాడు, పాడుతున్న దానితో. "భయమేసింది తల్లీ. పైకి వస్తే చూడాలి కదా మీ అమ్మని. అంతే. ఇంకేం లేదు. ఇంతకంటే మంచి కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను, దొరకలేదు." పాటకేం పట్టింది, అది ఆగదు, దానికి వినపడదు, తన దారిన తను తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. అమ్మ అడిగితే ఏం చెప్పమన్నావు నాన్నా? ఆయన దానికీ జవాబు చెప్పబోయి ఆగాడు. అప్పుడు తిరిగాడు ఇటు. ఆ కళ్ళు ఎంత ఎర్రగా ఉన్నాయో, ఆ గీసిన గడ్డం మీద చిన్న గాటు, పొద్దున కచేరీ తొందరలో కోసుకున్నాడు కాబోలు, ఇంతసేపూ చూడనేలేదు తను.

"అడిగిందా?" అన్నాడు. "మీ అమ్మ. నిజంగా అడిగిందా?"

ఇదొక్కటి ఎవరూ అడుగుతారనుకోలేదు. సెవ్దవ్వకి చెప్పలేదు, ఓగ్న్యాన్‌కి చెప్పలేదు, పాటలో కూడా ప్రశ్న వేసి వదిలేసింది. శోకంలో జవాబులు ఉండవు, పోయినవాళ్ళు చెప్పరు కాబట్టి. కానీ ఈయన పోలేదు. పక్కనే కూర్చుని, కోటు వేసుకుని, అడుగుతున్నాడు.

"అడిగింది నాన్నా. అది మీ నాన్న బండి చప్పుడు కదూ అంది."

"నువ్వేమన్నావు?"

"పాల బండి అన్నాను."

ఆయన పెదవులు కదిలాయి, పాల బండి, పాల బండి అని చప్పుడు లేకుండా. పద్నాలుగేళ్ళ పిల్ల కిటికీ దగ్గర నిలబడి తన కోసం ఆడిన అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని చూస్తున్నట్టు. యగోదాకి కోపం పోలేదు, పోతుందనుకుంది గానీ పోలేదు, కడుపులో అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు దాని పక్కన ఇంకోటి కూడా కూర్చుంది, రెండింటికీ చోటు సరిపోయింది.

"నమ్మిందా?"

"ఎక్కడ నమ్ముతుంది! పాల బండి అలా దగ్గదే పిల్లా అంది. ఇంతకాలం దూరం తోలి తోలి మీ నాన్న బండికి జలుబు చేసింది, పైకి ఎక్కలేకపోతోంది పాపం, పోనీలే అంది. అని నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వింది నాన్నా. దగ్గొచ్చేదాకా నవ్వింది."

నాన్న రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, వాటి మీద నుదురు ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో యగోదాకి తెలియలేదు, తన మొహం మీద కూడా ఏది జారుతోందో తెలియలేదు. అద్దం అవతల దుకాణం పిల్ల గుండుసూదులు నోట్లో పెట్టుకుని వీళ్ళనే చూస్తోంది. అప్పటికి తొమ్మిదో పాట మొదలై చాలాసేపైంది, ఇద్దరిలో ఎవరూ వినలేదు.